అసిరయ్య రంగం ప్లేటు

అసిరయ్య ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు శ్రీకాకుళంలో ఎవరూ లేరు. అన్నం తినేటప్పుడు కూడా ఎడమచేతి వేళ్లు మోకాలి మీద ఏవో మీటలు నొక్కుతూనే ఉంటాయి. పెళ్లాం గురమ్మ ఆ వేళ్ల మీద గరిటెతో ఒక్కటి వేసి, "తిండికాడైనా ఆ సెయ్యి నిలపెట్టు మావా, కంచం అదురుతన్నాది" అని పాతికేళ్లుగా అంటూనే ఉంది. పాతికేళ్లుగా ఆ చెయ్యి ఆగలేదు.

నాగావళి ఒడ్డున వాళ్ల ఇల్లు. గురమ్మ కళింగపట్నం నుంచి ఎండుచేపలు తెచ్చి ఊళ్లో అమ్ముతుంది. అసిరయ్య నరసింగరావు బ్యాండు మేళంలో క్లారినెట్టు వాయిస్తాడు. పెళ్లిళ్లున్న నెలల్లో ఎర్రకోటు, భుజాల మీద జరీ కుచ్చులు, నెత్తిన టోపీ. పెళ్లిళ్లు లేని నెలల్లో చిరుగు బనీను, ఊరికే అటూ ఇటూ తిరగడం.

పుట్టింది జాలారి వాడలో. వల లాగవలసిన చేతులు. పదిహేనో ఏట తండ్రితో తగువు పడి రంగం ఓడ ఎక్కేశాడు. రంగూనుని మన వైపు రంగమనే అంటారు. ఆ రోజుల్లో మన కుర్రాళ్లకి కోపం వచ్చినా రంగమే, పంట పోయినా రంగమే, పెళ్లి తప్పిపోయినా రంగమే. అక్కడ రేవులో కొన్నాళ్లు మూటలు మోశాడు. తర్వాత ఒక పెద్ద హోటల్లో గచ్చు తుడిచే పనికి కుదిరాడు. సాయంత్రమైతే ఆ హోటల్లో దొరలూ దొరసానులూ చేతులు పట్టుకుని డాన్సులాడేవారు. వాళ్ల కోసం ఒక జాజ్ బ్యాండు ఉండేది. దాని మాస్టరు డిమెల్లో గోవా మనిషి, ట్రంపెట్ వాయించేవాడు. ఒకరోజు అసిరయ్య గచ్చు తుడుస్తూ నిన్నటి సాయంత్రం పాటని పొల్లు పోకుండా ఈల వేస్తుంటే డిమెల్లో చెవిన పడింది. మూలన పడున్న పాత క్లారినెట్టు ఒకటి తీసి అతని చేతికిచ్చాడు. ఆరేళ్లు చెవి మెలేసి నేర్పాడు. ఏడో ఏడు బ్యాండులో ఆఖరి కుర్చీ ఇచ్చాడు.

జాజ్ అంటే ఏమిటో అసిరయ్య మన వాళ్లకి చాలాసార్లు చెప్పి చూశాడు. అందరికీ తెలిసిన పాటే ఎత్తుకుంటారు. మధ్యలో ఒక్కొక్కడికీ కాస్త జాగా వదులుతారు. ఆ జాగాలో ఆ క్షణాన వాడికి ఏం తోస్తే అది వాయించాలి. నిన్న వాయించింది ఇవాళ పనికిరాదు. "సన్నాయోల్లు రాగం తియ్యడం నేదేటి, అలగన్నమాట" అనేవాడు. వినేవాళ్లు తల ఊపి, రంగంలో బియ్యం ఎలా ఉండేవని అడిగేవారు.

నలభై ఒకటో సంవత్సరం వానాకాలంలో రంగూనుకి గ్రామఫోను కంపెనీ వాళ్లు వచ్చారు. గోడలకి బొంతలు వేలాడదీసిన ఒక గదిలో డిమెల్లో బ్యాండుని నిలబెట్టి ఒక ప్లేటు పట్టారు. అందులో ఒక పక్కన, ట్రంపెట్ అయ్యాక, అసిరయ్యకి అరనిమిషం జాగా వచ్చింది. "రాసుకోకు, బట్టీ పట్టకు, వచ్చింది వాయించు" అన్నాడు డిమెల్లో. అసిరయ్య వాయించాడు. బయటికి వచ్చేసరికి చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. ఏం వాయించాడో ఒక్క ముక్క గుర్తు లేదు. అప్పుడు దానికి బెంగపడలేదు. ప్లేటు కలకత్తాలో అచ్చయి వస్తుంది కదా, విందాంలే అనుకున్నాడు.

ప్లేట్లు డిసెంబరులో వచ్చాయి. ఆ వారమే జపాను బాంబులూ వచ్చాయి. అసిరయ్య ప్లేటుని కళ్లతో చూశాడే గాని చెవులతో వినలేకపోయాడు. క్లారినెట్టుని ముక్కలుగా విప్పి చొక్కాలో కట్టుకుని, అరకాను కొండల మీదుగా జనంతో పాటు కాలినడకన బయలుదేరాడు. చిట్టగాంగు దగ్గర ఒక శిబిరంలో మన సోంపేట మనిషొకడు కనిపించి, "నీ ప్లేటు ఇన్నానొరే, రంగంలో మా ఈది టీకొట్లో ఏసినారు" అన్నాడు. అసిరయ్యకి ప్రాణం లేచి వచ్చింది. ఎలగున్నాదని అడిగాడు. "బాగున్నాది" అని, ఆ మనిషి కడుపు పట్టుకుని చెట్ల చాటుకి పరిగెత్తాడు. మళ్లీ కనపడలేదు.

ఆ ఒక్క 'బాగున్నాది' పట్టుకుని అసిరయ్య ఇరవయ్యేడేళ్లు బతికాడు. తన జన్మలో తను సరిగ్గా వాయించింది ఆ అరనిమిషమేనని అతని నమ్మకం. ఆ తర్వాత పెళ్లి ఊరేగింపుల్లో వాయించేదంతా దాన్ని వెతుక్కోవడమే. సినిమా పాట చక్కగా నడుస్తుండగా రెండో చరణం దాటేసరికి అతని క్లారినెట్టు తోవ తప్పి ఎటో పోయేది. అదేనా, ఇదేనా అని తడుముకునేది. దొరక్క చిరాకు పడి వెనక్కి వచ్చేది. నరసింగరావు వెనకనుంచి అతని కాలి మీద బూటుతో తొక్కి, "పాటని పాటలాగ వాయించు మావా, పెల్లోరు సూస్తన్నారు" అనేవాడు. మేళం వాళ్లు ఆ తోవ తప్పడానికి రంగం గాలి అని పేరు పెట్టారు.

ఇంట్లో గోల ఇంకో రకం. ఈ మనిషి నిద్రలో కూడా రంగం, మెలకువలో కూడా రంగం. అరనిమిషం పీపీ పాట కోసం మగాడెవడైనా ఇన్నేళ్లు కుమిలిపోతాడా? గురమ్మ నమ్మలేదు. అక్కడొక బర్మా మనిషి ఉండి ఉంటుంది, జడలో పువ్వు పెట్టుకునే రకం. ప్లేటులో పాడింది అదే అయి ఉంటుంది. ఈ మాట ఆమె పైకి అనేసింది కూడా. అసిరయ్య దేవుడి మీద ఒట్టేశాడు. ఒట్టు వేసినందుకు ఆమె అనుమానం ఇంకా గట్టిపడింది.

అరవై నాలుగు తర్వాత బర్మానుంచి మనవాళ్లు ఓడల మీద మళ్లీ తిరిగొచ్చారు. అసిరయ్య ప్రతి ఒక్కరినీ పట్టుకుని అడిగాడు. ప్లేటు మధ్యన ఆకుపచ్చ కాగితం, దాని మీద నెమలి బొమ్మ, డిమెల్లో బ్యాండు. పెట్టెల్లో కుట్టుమిషన్లు తెచ్చుకున్నవాళ్లున్నారు, అల్లం తెచ్చుకున్నవాళ్లున్నారు. నెమలి ప్లేటు ఎవరి దగ్గరా లేదు.

అరవై ఎనిమిదో సంవత్సరం వైశాఖంలో శ్రీముఖలింగం దగ్గరి పల్లెలో ఒక పెళ్లికి నరసింగరావు మేళం కుదిరింది. పెళ్లికొడుకు విడిది నుంచి పందిరికి బయలుదేరాడు. పొద్దున తొమ్మిదికే ఎండ మాడ్చేస్తోంది. ఎర్రకోట్లలో మేళమంతా ఉడికిపోతోంది. మా వైపు ఒక పట్టింపు ఉంది. పెళ్లికొడుకు విడిది గడప దాటాక పందిట్లో పీట మీద కూర్చునేదాకా మేళం ఆగకూడదు. ఆగితే అపశకునం. డప్పుల వాడికి తుమ్మొచ్చినా పక్కవాడు అందుకోవాలి.

ఊరేగింపు వంశధార గట్టు మీదకి వచ్చింది. ఏట్లో నీళ్లు ఒక పక్కగా సన్నగా పారుతున్నాయి, మిగతాదంతా ఇసుక. అవతలి ఒడ్డు పల్లెలో ఇంకో పెళ్లి. అక్కడ తాటిచెట్టుకి కట్టిన మైకు బాకా ఒక్కసారి గరగరమంది. అందులోంచి ట్రంపెట్ వినిపించింది.

డిమెల్లో ట్రంపెట్. ఏరు దాటి, గాలిలో తేలుతూ, అరిగిపోయి, జీరగా. అయినా అదే. అసిరయ్య నోట్లోంచి క్లారినెట్టు జారింది. ఇదిగో, ఇప్పుడు ట్రంపెట్ అయిపోతుంది. ఇప్పుడు నేను వస్తాను. సరిగ్గా ట్రంపెట్ ఆగబోయే చోట టక్కుమని ప్లేటు తీసేశారు. "హలో, మైకు టెస్టింగు, ఒకటి, రెండు, మూడు" అని ఒక గొంతు వినిపించింది.

తర్వాత ఏం జరిగిందో ఆ పల్లెలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎర్రకోటు, జరీ కుచ్చుల మనిషొకడు ఊరేగింపుని వదిలేసి గట్టు దిగి, కాలిపోతున్న ఇసుకలో క్లారినెట్టు పైకెత్తి పట్టుకుని, ఏటికి అడ్డంపడి పరిగెత్తాడు. వెనక డప్పులు తడబడ్డాయి. ట్రంపెట్ వాడు నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు. మేళం ఆగిపోయింది. పెళ్లికొడుకు మేనత్త గుండెలు బాదుకుంది.

అసిరయ్యకి అవేవీ వినపడలేదు. మోకాళ్లలోతు నీళ్లలో పడి లేచి అవతల పందిరి చేరాడు. మైకు సెట్టు పెట్టె ముందు గంగులనే మనిషి కూర్చున్నాడు. సాలూరులో అతనికి మైకు సెట్ల దుకాణం. ఆ పందిట్లో పెళ్లికొడుకు సాలూరు లారీల వాళ్ల అబ్బాయి కావడంతో అంత దూరం నుంచి వచ్చాడు.

"బాబూ, ఇందాకటి ప్లేటు! మల్లీ ఎయ్యి బాబూ. ఒక్కసారి. ఆఖరిదాకా ఎయ్యి" అన్నాడు అసిరయ్య, రొప్పుతూ.

గంగులు అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు. తడిసిన ప్యాంటు, కుచ్చులకి ఇసుక. "అది టెస్టింగు ప్లేటు. టెస్టింగు అయిపోనాది" అన్నాడు.

"అందులో ఉన్నది నాను."

"నువ్వా? ప్లేటులోనా?" గంగులు నవ్వాడు. అతని తప్పేం లేదు. ఎవరైనా నవ్వుతారు.

అప్పటికే పందిట్లో పెద్దలు చుట్టూ చేరారు. పెళ్లి వేళ మాటల్లేని ప్లేటు వేయకూడదని ఒకాయన, తాగొచ్చాడని ఇంకొకాయన. గంగులు ఒక భక్తి పాట పెట్టేసి, అసిరయ్య చెవిలో, "సాలూరు రా మావా, కొట్లో ఏస్తాను. సినిమా హాలు ఎనకాల, ఎవులినడిగినా సెప్తారు" అన్నాడు.

ఏరు దాటి వెనక్కి వచ్చేసరికి పెళ్లి పందిట్లో జరుగుతోంది. నరసింగరావు ముఖం కోటు రంగులోనే ఉంది. "మావా, ఈ పెల్లిల్ల లగ్గసరికి నువ్వు రావొద్దు. నీకు దండం పెడతాను" అన్నాడు. తిట్టి ఉంటే అసిరయ్య భరించేవాడు. దండం పెట్టేసరికి తలెత్తలేకపోయాడు.

దీనికి తోడు పళ్లు. పైవరసలో ముందువి రెండు ఊగుతున్నాయి. క్లారినెట్టు మూతి ఆనించేది సరిగ్గా ఆ రెండు పళ్లకే. ఊదినప్పుడల్లా నెప్పి నెత్తికెక్కుతోంది. ఆసుపత్రిలో డాక్టరు వేలితో కదిపి చూసి, వచ్చేవారం పీకేస్తానన్నాడు. పీకితే మరి ఊదడం ఎలాగని అసిరయ్య అడిగాడు. ఊదడం మానెయ్యమని డాక్టరు చాలా తేలిగ్గా చెప్పేశాడు.

ఇక అసిరయ్యకి ఇంట్లో నిలకడ లేదు. వీధిలోకి వెళ్తాడు, వస్తాడు, కుండలో నీళ్లు తాగుతాడు, మళ్లీ వెళ్తాడు. ఒక్క వారం. ఈలోగా ఆ అరనిమిషం వినాలి, విని నోటికి తెచ్చుకోవాలి, ఒక్కసారైనా దాన్ని మళ్లీ ఊదాలి. తర్వాత పళ్లు పోతే పోనీ. కానీ రాత్రీ పగలూ ఇంకో భయం కూడా తొలుస్తోంది. అది బాగోకపోతే? ఆ సోంపేట వాడు కడుపునొప్పిలో ఏదో అనేసి ఉంటే?

"సాలూరు ఎల్తాను" అన్నాడు గురమ్మతో.

"ఎల్దుం" అంది గురమ్మ.

"నువ్వెందుకే?"

"ఆ గొంతేటో నానూ ఇంటాను. ఇరవయ్యేడేల్లు నా మొగుడి బుర్రలో కాపరం సేసింది. మొకం సూడకపోనా, గొంతైనా ఇనాల కదా."

లారీ సంగతి ఆమే చూసింది. సాలూరు మీదుగా కొండల అవతలకి ఎండుచేపలు తీసుకెళ్లే లారీల వాళ్లందరూ ఆమెకి తెలిసినవాళ్లే. రెండు చేపల గంపలు, గంపల మధ్య ఆమె, బస్తాల మీద అసిరయ్య. అతను కూర్చోడు, నిలబడతాడు. నిలబడితే లారీ ఊపుకి పడతాడు. "కుసింత కుదురుగా కూకో, సాలూరు ఎక్కడికీ పోదు" అని ఆమె కోటు అంచు పట్టుకుని లాగుతూనే ఉంది. అవును, ఎర్రకోటే వేసుకొచ్చాడు. తనని తను వినడానికి చొక్కాలో వెళ్తే బాగోదనిపించింది.

రామభద్రపురం దగ్గర పోలీసులు లారీ ఆపారు. కొండల్లో గొడవలు మొదలైన రోజులు, ఆ దారిన పోయే ప్రతి బండినీ చూస్తున్నారు. ఒక కానిస్టేబులు క్లారినెట్టు పెట్టె తెరిపించి, నల్లటి గొట్టం ముక్కలు చూసి వెనక్కి జరిగాడు.

"ఏటిది?"

"పీపీ బాబూ. పెల్లిల్లలో ఊదతాను."

"ఊదు సూద్దుం."

అసిరయ్య ముక్కలు బిగించాడు. పళ్లు జాగ్రత్తగా ఆనించి నాలుగు స్వరాలు ఊదాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, నెప్పికి. కానిస్టేబులు అది వేరేలా అర్థం చేసుకుని మెచ్చుకోలుగా తల ఊపి, లారీని పొమ్మన్నాడు.

గంగులు దుకాణం చిన్నది. గోడలకి మేకులు, మేకులకి బాకాలు, నేలంతా తీగలు. మూలన నాలుగు పెట్టెల నిండా ప్లేట్లు. అసిరయ్య ఆకుపచ్చ కాగితం కోసం ఆత్రంగా వంగి చూశాడు. ఎక్కడా ఆకుపచ్చ లేదు, నెమలీ లేదు. అన్నిటి మధ్యనా తెల్ల చీటీలే అంటించి ఉన్నాయి. గంగులుకి ఇంగ్లీషు చదవడం రాదు, రావలసిన అవసరమూ లేదు. తన చేతిరాతతో తెలుగులో పేర్లు పెట్టుకున్నాడు. సుప్రభాతం. అప్పగింతలు. శవం. లారీ పూజ. ఒకదాని మీద టెస్టింగు.

"బర్మానుండి వొచ్చినోలు ఒక పెట్టె ఇచ్చినారు" అన్నాడు గంగులు, ఆ ప్లేటు తీస్తూ. "ఇందులో మాటల్లేవు. అందుకే టెస్టింగుకి ఉంచినాను. మాటలున్న ప్లేటేస్తే జనం పాట తియ్యనీరు, ఉంచీమంటారు. దీనికైతే ఎవులూ అడగరు. మూడేల్లుగా ప్రతి పెల్లికీ ఇదే. బాకా పలికిందనిపిస్తే తీసీడమే."

"ఎప్పుడైనా ఆఖరిదాకా ఇన్నావా?"

"ఎందుకింటాను?"

ప్లేటుని వెలుతురుకి పట్టి చూస్తే సంగతి తెలిసింది. అంచు నుంచి వేలెడు మేర గీతలు అరిగి బూడిదరంగుకి తిరిగాయి. ఇనుప ముల్లు అక్కడ వందలసార్లు నడిచింది. అక్కడినుంచి లోపలంతా నల్లగా, నిగనిగలాడుతూ, ఎవరూ ముట్టని కొత్త ప్లేటులా ఉంది. సాలూరు చుట్టుపక్కల వంద పల్లెలకి ఆ పాట మొదలు తెలుసు. తర్వాతది ఎవరికీ తెలియదు.

గంగులు కొత్త ముల్లు బిగించి ప్లేటు తిప్పాడు. గురమ్మ గంప దించి, చెంగు నడుముకి బిగించి, గుమ్మంలో నిలబడింది, తగువుకి వచ్చినట్టే.

బరబరమన్న గరగర. అందులో మునుగుతూ తేలుతూ డిమెల్లో ట్రంపెట్. అసిరయ్య కోటు గుండీ ఒకటి తిప్పి తిప్పి తెంపేశాడు. ట్రంపెట్ చివరికి వచ్చింది. గంగులు చెయ్యి దానంతటదే లేచి ముల్లు మీదకి వెళ్లింది. మూడేళ్ల అలవాటు మరి. అసిరయ్య ఒక్క దూకులో ఆ మణికట్టు పట్టేసుకున్నాడు. "ఒగ్గీ! ఒగ్గీ బాబూ!" అని అరిచాడు. గరగర పోయింది. గదిలోకి క్లారినెట్టు వచ్చింది, నిన్న పట్టినంత తేటగా.

అది పాటని పట్టుకుని నడిచింది. డిమెల్లో నేర్పిన పాటే, నేర్పినట్టే. ఎక్కడా పక్కకి తొంగి చూడలేదు. ఇంకొకరి పెట్టె నెత్తిన పెట్టుకున్న కొత్త కూలీలా, ఎక్కడ జారిపోతుందో అని అడుగులో అడుగు వేసింది. ఒకచోట పైకి వెళ్లబోయి, భయపడి దిగిపోయింది. ఆఖరున ఒక స్వరం కీచుమంది. అంతే. మళ్లీ ట్రంపెట్ అందుకుంది.

"మల్లీ" అన్నాడు అసిరయ్య.

గంగులు మళ్లీ వేశాడు. మూడోసారి కూడా వేశాడు. మూడుసార్లూ ఆ క్లారినెట్టు అలాగే భయపడింది, అక్కడే కీచుమంది.

అసిరయ్య ఒక ఖాళీ పెట్టె మీద కూలబడ్డాడు. వేళ్లు ఆడడం లేదు. "ఇంతేనా?" అన్నాడు, ఎవరితోనో. "దీనికోసమా నాను ఇన్నేల్లూ..." ఏడుపు వచ్చేసింది. యాభై దాటిన మనిషి, ఎర్రకోటులో, పరాయి వాడి కొట్లో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. గంగులుకి ఎటు చూడాలో తెలియక తీగలు చుట్టుకుంటూ కూర్చున్నాడు.

గురమ్మ నడుముకి బిగించిన చెంగు విప్పింది.

"ఆడమనిసి నేదు" అంది. ఆమె గొంతులో కాస్త సిగ్గుంది. తర్వాత వచ్చి అతని పక్కన నేల మీద కూర్చుంది. "ఈ గుంటడు ఎవులో గాని, ఊపిరి బిగబట్టి ఊదతన్నాడు. నువ్విలగెప్పుడూ ఊదనేదు మావా. మా దాలమ్మ పెల్లిలో ఎలగూదినావు!"

"దాలమ్మ పెల్లా?" దాలమ్మ గురమ్మ చెల్లెలు. పెళ్లయి పద్నాలుగేళ్లవుతోంది. "ఆ పెల్లిలో నాను పాట పాడుసేసినానని మీ అయ్య తిట్టినాడు."

"తిట్టినాడు. అది అత్తోరింటికి ఎల్తన్నాది. ఇసకలో బండి దిగబడిపోనాది. అందరూ సక్రాలు తోస్తన్నారు, మేలమోలు కూడాను. నువ్వొక్కడివే నిలబడి ఊదినావు. పాట ఒగ్గీసి ఎటో ఎల్లిపోనావు. అది ఏడుపు ఆపీసి నీ మొకమే సూసింది. ఇప్పటికీ పిల్లల్ని పండబెట్టాలంటే అదే పాడతాది. ఆల వాడలో ఇప్పుడు అందరూ అదే పాడతారు."

"ఏది? ఆ జోలపాటా?" అసిరయ్య కళ్లు తుడుచుకోవడం మర్చిపోయాడు. "అది మీ వాడ పాతపాట కాదేటి? మీ ముసలోల్ల కాలం నాటిదనుకున్నాను. ఎన్నిసార్లు ఇన్నాను!"

"మా వాడకి అలాటి పాట ఎక్కడిది? నీదే."

అసిరయ్య ఎక్కడ ఏం వాయించినా అది ఆ రంగం ముక్క కాదని తనే కొట్టి పారేసుకున్నాడు. పద్నాలుగేళ్లుగా ఆ జోలపాట విని, ఎవరిదో ఎంత బాగుందో అనుకున్నాడు.

"ఇన్నాల్లూ ఎందుకు సెప్పనేదే?" అన్నాడు చివరికి.

"నువ్వడిగినావా?" గురమ్మ గొంతు ఒక్కసారి లేచింది. "ఎప్పుడు సూడు రంగం, రంగం. ఇక్కడున్నోలం మనుసులం కామా? నాకు కోపం మావా. ఒల్లుమండిపోయేది. అందుకే సెప్పనేదు." ఆమె కళ్లు కూడా తడిశాయి. చెంగుతో గట్టిగా తుడిచేసుకుంది.

అసిరయ్య పెట్టె తెరిచాడు. ముక్కలు బిగించాడు. "పాడు" అన్నాడు.

"ఇక్కడా?"

"పాడవే."

గురమ్మ గంగులు వైపు ఒకసారి చూసి, గోడకేసి తిరిగి, సన్నగా ఎత్తుకుంది. అసిరయ్య వింటూ ఊదాడు. రెండు పళ్లూ మంటెత్తిపోతున్నాయి. చిగుళ్లలోంచి ఉప్పటి రుచి నాలిక మీదకి వస్తోంది. ఒకచోట అతని వేళ్లు ముందుకి పరిగెత్తబోయాయి. గురమ్మ పాట ఆపి చెయ్యెత్తింది.

"అలగ కాదు. అక్కడ ఆగినావు. దాలమ్మని సూసి నవ్వినావు. అప్పుడు మల్లీ అందుకున్నావు."

"నవ్వినానా?"

"నవ్వినావు."

మళ్లీ మొదటినుంచి ఊదాడు. వీధిలో లారీ పనివాళ్లు నలుగురైదుగురు చేతుల్లో పానాలతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. గంగులు ఒకసారి బాకా వైపు చూశాడు, మైకు వైపు చూశాడు. ఏదీ ముట్టుకోకుండా కూర్చున్నాడు. అసిరయ్య నాలుగుసార్లు వాయించాడు. నాలుగోసారి గురమ్మ చెయ్యెత్తలేదు.

లారీకి వేళయింది. గంగులు ఆ ప్లేటుని పాత కాగితంలో చుట్టి అసిరయ్య ముందుకి చాపాడు. "తీసికెల్లు మావా. టెస్టింగుకి ఇంకోటి సూసుకుంటాను."

"నాకొద్దు బాబూ" అన్నాడు అసిరయ్య, పెట్టె మూసుకుంటూ. మాట నిజమే, ఇప్పుడతనికి అది అక్కర్లేదు. గుమ్మం దాటేశాడు కూడా.

గురమ్మ మాత్రం కదల్లేదు. గంగులు చేతిలోంచి ప్లేటు తీసుకుని, చేపల గంపలో మెత్తగా గోనె పరిచి, దాని మీద పెట్టి చెంగు కప్పింది.

"దాన్నెందుకే మొయ్యడం?" అన్నాడు అసిరయ్య వెనక్కి తిరిగి.

"ఊరు కాని ఊర్లో పాపం గుంటడు బయపడిపోతన్నాడు" అంది గురమ్మ. "ఒగ్గీసి ఎలగొచ్చీడం? మనింటోడే కదా."